మడత బొమ్మలో ఆ పాదాలు

పోయిన వారం ఫ్లోరా ఇంటి గుమ్మం ముందు, బెల్లు మీద వేలు పెట్టి నిలబడ్డ దగ్గర ఆపాను. ఎందుకు వెళ్ళానో మరిచిపోయినవాళ్ళకీ, ఇవాళే ఈ పేజీ తెరిచినవాళ్ళకీ నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

నా పేరు వాసవి. ఘజియాబాద్‌లో ఒక స్కూల్లో పంతొమ్మిదేళ్ళుగా డ్రాయింగు టీచర్ని. పోయిన డిసెంబరులో మా ప్రిన్సిపాల్ పద్మనాభం గారిని వెక్కిరిస్తూ ఒక బొమ్మ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ప్రత్యక్షమైంది. ఎవరిదో తెలియని నంబరు నుంచి వచ్చింది. బట్టతల, నుదుటి మీదికి తోసిన కళ్ళజోడు, బనీను, బొజ్జ. కింద ఉత్త కాళ్ళతో పుస్తకాల దొంతరను తొక్కుతూ నిలబడి ఉన్నాడు మనిషి. అంతకు నెల ముందే ఆయన లైబ్రరీ మూసేసి దాన్ని అడ్మిషన్ల గది చేశారు. వద్దని సంతకాలు పోగుచేసిన పిల్ల, తొమ్మిదో తరగతి ఇషిత. బొమ్మలు బాగా వేస్తుంది కూడా. ఇంకేం, అందరి వేళ్ళూ అటే తిరిగాయి. కానీ రుజువు లేదు. కమిటీ నన్ను పిలిచి "ఇది ఎవరి చెయ్యో చెప్పగలరా?" అని అడిగింది. నేను కళ్ళజోడు సవరించుకుని మరీ చూసి, "ఆ పాదాలు ఇషిత గీసినవే" అని రాసి సంతకం పెట్టాను. మర్నాడే ఆ పిల్ల చేతిలో టీసీ పెట్టారు. ప్రవర్తన అన్నచోట 'సంతృప్తికరం కాదు' అని రాసిన టీసీని చూసి ఇక్కడా, పక్కన నోయిడాలో కూడా ఒక్క స్కూలూ గేటు తియ్యలేదు.

ఇప్పుడు కమిటీ కాస్త మెత్తబడింది. ఆ బొమ్మ తనే గీశానని ఒప్పుకుని, క్షమాపణ రాసిస్తే జులైలో పరీక్ష రాయించి పదిలో కూర్చోబెడతారట. నేను ఫ్లోరా గుమ్మం ముందు నిలబడ్డ రోజుకి మర్నాడు ఉదయం పదింటికి ఆఖరి గడువు.

ఇక సెలవుల్లో మేం టీచర్లం ఆడుకునే ఆట ఒకటుంది. ఇరవై ఒక్క రోజుల ఆన్‌లైన్ ఛాలెంజ్, ఇది రెండో ఏడు. రోజుకొక డిజిటల్ పని, సాయంత్రం గ్రూపులో పెట్టాలి. ఒకరోజు వంటింటి చప్పుళ్ళతో పాట కట్టాలి, ఇంకోరోజు గుండీలు నడిచినట్టు సినిమా తియ్యాలి. ఫిజిక్సు నథానియేలు గారు సుద్దముక్కలు వరసగా స్కూలుకి వెళ్తున్నట్టు ఫిల్ము తీస్తే మేమందరం చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టాం. దీన్నంతా నడిపేది ఫ్లోరా, బయాలజీ టీచరు. తొమ్మిదో రోజు పని, పోయినేటి బొమ్మ ఒకటి తీసి దానికి కదలిక తేవడం. ఒక్క బొమ్మ పంపాల్సిన మనిషి కంగారులో నాకు ఫోల్డరు మొత్తం పంపేసింది. అందులో కనబడింది నాకు, పద్మనాభం గారి బొమ్మ. తేదీ చూస్తే పోయిన ఏడాది జూన్ పద్నాలుగు. లైబ్రరీ మూసింది నవంబరులో. ఆ ఫోల్డర్లో పిల్లలెవరూ లేరు, అందరం టీచర్లమే.

చెప్పులేసుకుని బయల్దేరాను. అదీ సంగతి.

తలుపు తీసి నన్ను చూడగానే ఫ్లోరా మొహం చాటంత చేసుకుంది. "అక్కా! ఈ వడగాలిలో ఎందుకు వచ్చారండీ? ఫోన్ కొడితే నేనే వచ్చేదాన్ని కదా!" అంది.

ఇందిరాపురంలో మా రెండు టవర్లకూ మధ్య నాలుగు నిమిషాల నడక. ఆ నాలుగు నిమిషాల్లోనే నా చీర ఒంటికి అతుక్కుపోయింది. ఫ్లోరాది నరసాపురం. పదేళ్ళ స్నేహం మాది. నేను పెద్దదాన్నని అక్కా అంటుంది, మళ్ళీ అండీ అని కూడా తగిలిస్తుంది. భర్త ఆనందబాబు ఆసుపత్రిలో డ్యూటీకి వెళ్ళినట్టున్నాడు, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. కూలరు ఒక్కటే గోల చేస్తోంది. వద్దంటున్నా వినకుండా పచ్చిమామిడి రసంతో ఆమ్ పన్నా కలిపి తెచ్చింది.

"ఆ గ్లాసు అక్కడ పెట్టు" అన్నాను.

"కూర్చోండి ముందు."

"కూర్చోను."

నాకు కోపం వస్తే నిలబడే ఉంటాను. అది మా ఆయనకూ తెలుసు, మా నైన్త్ బీ పిల్లలకూ తెలుసు. ఫోన్ తీసి ఆ బొమ్మ దాని మొహం ముందు పెట్టాను.

కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు ఫ్లోరా మొహంలో. గ్లాసు బల్ల మీద పెట్టబోయి అంచుకి తగిలించి సగం ఒలకబోసింది.

"ఎవరు గీశారిది?" అన్నాను.

"ఏ బొమ్మండీ..."

"ఫ్లోరా, నాటకాలొద్దు. నువ్వేనా?"

అది పైటకొంగుతో బల్ల తుడుస్తూ కూర్చుంది, తుడిచిందే తుడుస్తూ. ఆఖరికి "నేనొక్కదాన్నే కాదండీ" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అంటే జట్టు కట్టి చేశారన్నమాట! ప్రిన్సిపాల్‌ని వెక్కిరిస్తూ పెద్దవాళ్ళు బొమ్మ వెయ్యడం, దానికి పదిహేనేళ్ళ పిల్లని బలిపెట్టడం. నోటికొచ్చినట్టు తిట్టాను. సిగ్గు లేదా అన్నాను. ఆదివారం ఆదివారం చర్చిలో పాటలు పాడే నోరు ఆరు నెలలు ఎలా మూసుకున్నావని అడిగాను. అది లేచి వెళ్ళి లాప్‌టాప్ తెచ్చి నా ముందు తెరిచింది.

"మడత బొమ్మ గుర్తుందా అక్కా? పోయినేడు పదకొండో రోజు?"

గుర్తులేకేం! చిన్నప్పుడు కాగితం మూడు మడతలు పెట్టి ఆడేవాళ్ళం. ఒకరు తల గీసి మడిచేస్తారు, మెడ గీతలు రెండు మాత్రం కనబడతాయి. రెండోవాళ్ళు వాటిని పట్టుకుని మొండెం గీసి మడుస్తారు. మూడోవాళ్ళు కాళ్ళు గీస్తారు. విప్పి చూస్తే ఏనుగు తలకి పెళ్ళికూతురి నడుమూ, కోడి కాళ్ళూ! దాన్నే ఫ్లోరా ఆన్‌లైన్లో ఆడించింది. ముగ్గురేసి చొప్పున జట్లు. మన ముందువాళ్ళు గీసిందాంట్లో అంగుళం పట్టీ మాత్రం మనకు పంపేది, మిగతాదంతా దాచేసి. అన్ని జట్ల బొమ్మలూ సాయంత్రానికి విప్పి చూపించింది, మా జట్టుది తప్ప.

"మా ఫైలు పాడైపోయిందన్నావుగా?" అన్నాను.

"పాడవ్వలేదండీ. అతికి చూద్దును కదా, అచ్చం పద్మనాభం సారే! నాకు గుండె జారిపోయింది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని దాచేశాను."

తెర మీద బొమ్మ తెరుచుకుంది. పక్కన మూడు చిన్న గళ్ళు ఉన్నాయి. లేయర్లంటారు వాటిని, ఒకదాని మీద ఒకటి పరిచిన గాజు పలకల్లాంటివి. ఒక్కోదాన్నీ తీసి పక్కన పెట్టవచ్చు. ఫ్లోరా మొదటిది నొక్కింది. తల మాయమైంది.

"ఇది శరణ్యదండీ."

శరణ్య మా కంప్యూటర్ టీచరు, కరీంనగర్ పిల్ల. ఆగస్టులోనే మానేసి గుర్‌గావ్‌లో వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయింది. చదువుకునే రోజుల్లో ఢిల్లీ బేర్ సరాయ్‌లో తాను తిన్న మెస్ ఓనరు అంకుల్‌ని తలుచుకుని ఆ తల గీసిందట. ఆ అంకుల్‌కీ పద్మనాభం గారికీ పోలికేమిటో ఆ దేవుడికే తెలియాలి. ఢిల్లీలో యాభై దాటిన మగవాళ్ళందరికీ ఒకే బట్టతల, ఒకే కళ్ళజోడు.

రెండోది నొక్కింది. బనీనూ బొజ్జా పోయాయి. "ఇది నాదండీ. మా ఆయన ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉండే వేషం."

తెర మీద కాళ్ళు మిగిలాయి. పుస్తకాల దొంతర మీద రెండు పాదాలు.

చెబితే మీరు నవ్వుతారు. అప్పటికీ నాకు తట్టలేదు. "అవి నథానియేలు గారివా?" అని అడిగాను, ఇంకా దర్జాగా నడుము మీద చెయ్యేసుకుని. మా జట్టని నేనే అన్నాను. జట్టుకి ముగ్గురని నాకు తెలుసు. ఇద్దరి లెక్క నా కళ్ళముందే తేలింది. లెక్క రాని దానిలా ఇంకా ఎవరి పేరో వెతుకుతున్నాను.

ఫ్లోరా మూడో గడి మీద బాణం గుర్తు ఉంచింది. గీసినవాళ్ళ పేరు పైకి తేలింది.

వాసవి.

నిలబడే ఉంటానన్న మనిషిని అలాగే సోఫాలో కూలబడ్డాను.

ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఆ రోజు కరెంటు పోయింది. వంటింట్లో కింద కూర్చుని, పప్పు ఉడికేలోగా ఫోన్ మీద చూపుడువేలితో గీశాను. నాకొచ్చిన పట్టీలో రెండు మోకాళ్ళు ఉన్నాయంతే. ఎవరో చిన్నపిల్ల కిటికీ అందక పుస్తకాల మీద ఎక్కి నిలబడిందనుకున్నాను. పుస్తకం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే జాతి మనది, అయినా బొమ్మే కదా, చదువు మీద నిలబడితే లోకం కనబడుతుందని నా భావం. బాగా కుదిరిందని మురిసిపోయి పంపించి, లేచి పప్పు దించుకున్నాను. పది నిమిషాల పని. ఇరవై ఒక్క రోజుల్లో అలాంటివి ఎన్ని గీశానో! నల్లగా గీసినదాన్ని ఫ్లోరా అతికేటప్పుడు గోధుమరంగు చేసి, కాస్త సాగదీసింది.

ఆ పాదాల తీరు నాకు మా మాస్టారు సదాశివరావు గారు నేర్పింది. రేపల్లెలో మా స్కూలు వరండాలో, నల్లబల్ల మీద. 'పాదాలు గడియారంలో ఎనిమిదీ ఇరవై అయినట్టు ఉండాలి, మడమ పక్కన చిన్న నెలవంక పెడితే మనిషి నేల మీద ఆనినట్టుంటాడు' అనేవారు. పంతొమ్మిదేళ్ళుగా అదే పాఠం నేను చెబుతున్నాను. అందరికంటే బాగా పట్టుకున్న పిల్ల ఇషిత. డిసెంబరులో కమిటీ ముందు ఆ నెలవంక చూడగానే ఇషిత అనుకున్నాను. నా గీతలా లేదది. వేలితో గీసింది కదా, వంకరగా ఉంది, నా దగ్గర నేర్చుకున్న పిల్ల గీసినట్టు ఉంది.

ఎంత పొగరు నాకు! ఏ పిల్ల గీత అయినా నా కళ్ళకు ఇట్టే తెలిసిపోతుందని స్టాఫ్ రూములో గొప్పలు పోయానే! నా చేతిని నేనే గుర్తుపట్టలేక, దానికి ఒక పసిదాని పేరు పెట్టి సంతకం చేసి ఇచ్చాను.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

ఫ్లోరా ఏడుస్తోంది. "చెబుదామనే వచ్చానండీ ఆ రోజు. తప్పంతా నాది. నైన్త్ బీలో స్మార్ట్ బోర్డు మీద గుండె బొమ్మ కోసం వెతుకుతూ ఈ ఫోల్డరు తెరిచేసి, రిజిస్టరు తెచ్చుకోవడానికి ఐదు నిమిషాలు బయటికెళ్ళాను. తిరిగొచ్చేసరికి పిల్లలు నవ్వుకుంటున్నారు. ఎవరు ఫోటో తీశారో, ఎవరు పంపారో ఇప్పటికీ తెలీదు. స్టాఫ్ రూముకొచ్చి మీకు చెబుదామనుకునేసరికి మీరు లెటర్ ఇచ్చేసి వచ్చారు. 'నా కళ్ళు పొరబడవు' అని అందరికీ చెప్తున్నారు. ఆ మాట విన్నాక నాకు నోరు పెగల్లేదక్కా. చెబితే నా ఉద్యోగం పోద్ది, మీదీ పోద్ది అనిపించింది."

"అందుకని నోరు మూసుకున్నావు."

"మూసుకున్నాను. అందుకే జనవరి నుంచీ వారానికి మూడ్రోజులు ఆ పిల్లని ఇక్కడికే పిలిచి సైన్సు చెప్తున్నానండీ. ఇప్పుడు కూడా వస్తది, నాలుగింటికి." కళ్ళు తుడుచుకుని నా మోకాలు పట్టుకుంది. "అక్కా, రేపు ఆ కాగితం ఇచ్చేస్తే పిల్ల చదువు పిల్లకొచ్చేస్తుంది. మన ఉద్యోగాలు మనకుంటాయి. పామూ చావకుండా, కర్రా విరక్కుండా అయిపోతుందండీ."

"బాగుందే! మధ్యలో ఆ పిల్లని పాముని చేశావా?"

కసిరాను గానీ, నిజం చెప్పనా? ఆ మాట నాకు ఒక్క క్షణం తియ్యగానే తగిలింది. రేపు పదింటికి అంతా సర్దుకుంటుంది. ఎవరికీ తెలియదు. ఇంకో ఆరేళ్ళకి రిటైరవుతాను, దండలు వేస్తారు. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే రోత పుట్టింది. లేచి పద్మనాభం గారికి ఫోన్ చేద్దామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

అప్పుడే బెల్లు మోగింది. గోడ మీది బైబిలు వాక్యాల క్యాలెండరు పక్కన గడియారం నాలుగు చూపిస్తోంది.

ఫ్లోరా లాప్‌టాప్ మూయబోయింది. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపి, "వెళ్ళి తలుపు తియ్యి" అన్నాను.

ఇషిత లోపలికి వచ్చింది. డిసెంబరు తర్వాత ఆ పిల్లని నేను చూడలేదు. చూడకుండా తిరిగానని చెప్పడం సబబు. రెండంగుళాలు పొడుగైంది, జుట్టు కత్తిరించుకుంది. చేతిలో నీలం ఫైలు ఉంది. నన్ను చూసి ఆగింది. తర్వాత తెర మీద ఒంటరిగా నిలబడ్డ ఆ పాదాలను చూసింది. ఉలిక్కిపడుతుందనుకున్నాను. రెప్ప కూడా కొట్టలేదు.

"నమస్తే మ్యామ్" అంది. "అచ్ఛా, ఇదా." ఇక్కడే పెరిగిన తెలుగు పిల్ల, మాటల్లో హిందీ దొర్లుతుంది.

"ఇషితా, ఈ పాదాలు..." అన్నాను.

"మీవి" అంది.

ఫ్లోరా గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"నీకు... నీకెలా తెలుసు?"

"ఫస్ట్ డే సే తెలుసు మ్యామ్. మమ్మీ ఫోన్‌లో చూడగానే. హాఫ్ మూన్ నేను పెడితే చిన్నగా వస్తుంది. మీది కొంచెం లంబా ఉంటుంది. బోర్డ్ మీద ఎన్నిసార్లు చూశాను!"

ఆరేళ్ళు నా ఎదురుగా కూర్చున్న పిల్ల నన్ను చూసినంత బాగా నన్ను నేను చూసుకోలేదు.

"తెలిస్తే మరి ఎందుకమ్మా చెప్పలేదు?"

"మీరు లెటర్‌లో నా పేరు రాశారు కదా." గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపింది. "నేను అనుకున్నా, మ్యామ్ తనని సేవ్ చేసుకోవడానికి నా పేరు రాశారు అని. మమ్మీకి చెప్తే స్కూల్‌కి వచ్చి లడాయి చేసేది. అందుకే చెప్పలేదు. మీరే చెప్తారు, రేపు చెప్తారు, రేపు చెప్తారు అనుకున్నా. డిసెంబర్ అయిపోయింది. జనవరి అయిపోయింది."

దేవుడా! ఈ పిల్ల నన్ను పొరబడ్డ మనిషి అనుకోలేదు. దొంగ అనుకుంది. ఆరు నెలలుగా అలాగే అనుకుంటూ, నా పరువు తన గుప్పిట్లో పెట్టుకుని నోరు విప్పలేదు.

"నాకు తెలియదమ్మా. నిజంగా నాకు తెలియదు. ఇప్పుడే తెలిసింది."

డ్రాయింగు పుస్తకం ఇంట్లో మరిచిపోయానని చెప్పే పిల్లల్ని నేను ఎలా చూస్తానో, అచ్చం అలా చూసింది నన్ను.

"మ్యామ్, మీ గీత మీకు తెలియదా?"



ఇషిత ఫైలు తెరిచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. స్కూలు ముద్ర వేసి, టైపు చేసి పంపిన క్షమాపణ. 'ఆ చిత్రాన్ని నేనే గీశానని ఒప్పుకుంటున్నాను' అన్న వాక్యం కింద ఇషిత సంతకం అప్పటికే ఉంది. దాని కింద 'చిత్రాన్ని గుర్తించిన ఉపాధ్యాయురాలు' అని, నా పేరు, పక్కన ఖాళీ జాగా.

"మీ సైన్ కూడా కావాలి అన్నారు ప్రిన్సిపాల్ సర్. ఇవాళ క్లాస్ వద్దని ఇక్కడ చెప్పేసి మీ ఇంటికే వద్దామనుకున్నా. మమ్మీ కింద కారులో ఉంది. మీరే ఇక్కడ ఉన్నారు, అచ్ఛా హువా." పెన్ను మూత తీసి ఇచ్చింది. "చేసేయండి మ్యామ్. నాకు టెన్త్ కావాలి."

పెన్ను తీసుకున్నాను. ఆ ఖాళీ జాగా వేలెడు పొడవుంది. ఆ పిల్ల సంతకం గుండ్రంగా, బుద్ధిగా, పరీక్ష పేపరు మీద పెట్టినట్టు ఉంది. చెయ్యని తప్పు కింద అంత చక్కటి సంతకం నేనెప్పుడూ చూడలేదు.

నా పేరు పక్కన నేను సంతకం పెట్టలేదు. పాదాలు గీశాను. రెండు పాదాలు, ఎనిమిదీ ఇరవై అయినట్టు. మడమ పక్కన పొడుగాటి నెలవంక.

"అక్కా!" అని కేక పెట్టింది ఫ్లోరా. "ఏం చేశారండీ? ముద్ర వేసిన కాగితం! రెండోది లేదు, రేపు పదింటికి ఏమిస్తుందా పిల్ల?"

ఇషిత కాగితం మీదికి వంగింది. వచ్చినప్పటి నుంచీ రాయిలా ఉన్న మొహం అప్పుడు మొదటిసారి చెదిరింది. అంతలో చేతిలో ఫోన్ మోగింది. తెర మీద 'మమ్మీ' అని ఉంది. స్పీకరు నొక్కింది.

"ఏమ్మా, ఎంతసేపు?" వాళ్ళమ్మ సుభాషిణి గొంతు ఆదుర్దాగా ఉంది. "మేడమ్ ఇంటికి వెళ్ళాలి కదా. వాసవి మేడమ్ సంతకం పెడతారంటావా?"

ఇషిత ఫోన్ నా నోటి దగ్గరికి చాపింది. చెయ్యి గట్టిగా ఉంది, కళ్ళలో నీళ్ళున్నాయి.

"మీరే చెప్పండి మ్యామ్" అంది.